పంబ నడక, యంత్రపు లెక్క

చెన్నైకి వాయవ్యంగా సుమారు నలభై కిలోమీటర్ల దూరాన, ఆరణి నది ఒడ్డున ఉన్న ఊరు పెరియపాళయం. తిరువళ్ళూరు జిల్లా, ఊత్తుక్కోట తాలూకా. పిచ్చాటూరు జలాశయం మీదుగా వచ్చే ఆ నదికి సరిహద్దు పట్టింపు లేదు. అక్కడి భవానీ అమ్మ గుడికి వచ్చే జనానికీ లేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయి, సత్యవేడు ఇటు వచ్చిన తరువాత కూడా ఆడి నెల ఆదివారాల్లో ఆ గుడి చుట్టూ తమిళం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంత వినిపిస్తూనే ఉంది. స్థలపురాణంలో సైతం అమ్మవారు కనిపించినది గాజులమ్ముకుని తిరిగిపోతున్న ఒక ఆంధ్ర వర్తకుడికి. వేపాకు చుట్టుకుని గుడి చుట్టూ తిరిగేవారు, ఇసుకలో పొంగలి పెట్టేవారు, వారి మధ్య పంబ, ఉడుక్కై పట్టుకున్న వాద్యగాళ్ళు. తమిళులు పంబై అనేదాన్నే మనం పంబ అంటాం. ఒకదాని మీద ఒకటి కట్టిన రెండు డోళ్ళ జత అది. ఒకటి కొయ్యది, ఒకటి ఇత్తడిది.

క్రిందటి ఆడి నెలలో మా విద్యార్థి ఒకడు అక్కడి పంబ మేళం ఒకదాన్ని వారి అనుమతితో అరగంటసేపు రికార్డు చేసుకుని వచ్చాడు. అందులోంచి ఒక దరువును ఎన్నుకుని కంప్యూటరులోని డ్రమ్ మెషిన్ మీద మళ్ళీ కట్టాడు. తరగతిలో రెండూ వినిపించాడు. కొందరు రెంటికీ తేడా తెలియడం లేదన్నారు. మిగిలినవారికి తేడా తెలిసింది గాని ఏమిటో చెప్పలేకపోయారు. చివరికి ఒక అమ్మాయి, దెబ్బలన్నీ ఉన్నాయి, దరువు లేదు అంది. సాహిత్య విమర్శలో ఇటువంటి మాట వింటే మనం వివరణ అడుగుతాం గదా! ఇక్కడా అడగాలి. ఈ వ్యాసం ఆ వివరణ కోసం చేసిన ప్రయత్నం.

పేరుపొందిన పాత దరువులను యంత్రం మీద తిరిగి కట్టడం ప్రపంచంలో చాలాచోట్ల వాద్యాభ్యాసంలో భాగమైపోయింది. జేమ్స్ బ్రౌన్ బృందంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించి, 1970లో విడుదలైన ‘ఫంకీ డ్రమ్మర్’ దరువు. 1969 నాటి ‘ఆమెన్, బ్రదర్’ పాటలో గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించిన నాలుగు ఆవర్తాలు. కొత్తగా యంత్రం ముందు కూర్చున్న కుర్రవాడికి ఇవి మన పెద్దబాలశిక్ష వంటివి. వీటిని కట్టడానికి వాడే పరికరాలు రెండు దారుల్లో వచ్చాయి. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్ఎం-1 నిజమైన డ్రమ్ముల ధ్వనిని రికార్డు చేసి తనలో దాచుకుంది. అదే ఏడు రోలాండ్ సంస్థ తెచ్చిన టీఆర్-808లో రికార్డు చేసిన ధ్వని ఏదీ లేదు. విద్యుత్తుతోనే డ్రమ్మును పోలిన చప్పుడు పుట్టించింది. దాని ముందు వరుసలో పదహారు మీటలు ఉంటాయి. ఏ మీట నొక్కితే ఆ గడిలో దెబ్బ పడుతుంది. నిమిషానికి 120 తాళాల వేగంలో ఒక్కో గడి నిడివి సెకనులో ఎనిమిదో వంతు. ఈ గళ్ళ పద్ధతే ఇవాళ సెల్‌ఫోన్‌లో దొరికే ప్రతి డ్రమ్ మెషిన్‌కూ మూలం.

తెలుగు ఛందస్సు చదివినవారికి ఈ గళ్ళు కొత్తవి కావు. రగడలను తీసుకోండి. హయప్రచారానికి మూడు మాత్రల గణాలు, మధురగతికి నాలుగు, ద్విరదగతికి అయిదు, వృషభగతికి మూడూ నాలుగూ కలిసి ఏడు. బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటూ ఈ లెక్కను ఎవరైనా గళ్ళలోకి ఎక్కించవచ్చు. నేను ఎక్కించి చూశాను, పది నిమిషాల పని. కాని మన లాక్షణికులు ఆ పేర్లు పెట్టిన తీరు చూడండి. మూడు మాత్రల రగడ అని ఊరుకోలేదు. గుర్రపు పోక అన్నారు, ఏనుగు నడక అన్నారు, ఎద్దు నడక అన్నారు. గుర్రానికీ ఏనుగుకూ కాళ్ళు నాలుగే. ఏ కాలు ఎంతసేపు నేల మీద ఆగుతుంది, బరువు ఎక్కడ పడుతుంది అన్నదే నడక. మాత్రల లెక్క దాని ఆనవాలు మాత్రమే.

మా విద్యార్థి కట్టినదానిలో లెక్క తప్పలేదు. ఆ దరువు తిశ్రం. ఆరు మాత్రలు చొప్పున రెండు దళాలు, పన్నెండు గళ్ళు. అమ్మవారి పాటల్లో, పల్లె ఆటల్లో దక్షిణాదిన తరచుగా వినిపించే నడక ఇదే. 2023లో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’ నడక కూడా ఈ ఆరు మాత్రలదే. పొరపాటు మరోచోట ఉంది. పంబ వాయించే ఆయన మూడు దెబ్బలనూ సమానంగా పంచడు. మొదటిదాని మీద కాస్త నిలిచి, రెండోదాన్ని ఆలస్యంగా వేసి, మూడోదాన్ని తరువాతి దళంలోకి తోసినట్లు వేస్తాడు. ఆ తోపులోనే కాలు కదులుతుంది. యంత్రం మూడింటినీ కొలిచి పంచింది. పాలు పంచేటప్పుడు అది న్యాయం కావచ్చుగాని దరువులో కాదు.

ఈ లోపం యంత్రాలు చేసినవారికి తెలియనిది కాదు. రోజర్ లిన్ యంత్రంలోనే ‘స్వింగ్’ అనే ఏర్పాటు ఉంది. రెండేసి గళ్ళ జతలో రెండోదాన్ని కొంచెం వెనక్కి జరుపుతుంది. యాభై శాతం అంటే సమానం; అరవై ఆరు దగ్గర అది తిశ్రంలా వినిపిస్తుంది. నాలుగు మాత్రల నడకలకు ఇది చాలావరకు పనికొచ్చింది. అయితే ఇది జతల కోసం పుట్టిన ఉపాయం. మూడేసిగా నడిచే దరువును దానికి అప్పగిస్తే కుంటి నడకే మిగులుతుంది. పైగా పెట్టిన శాతం పాట పొడుగునా అదే ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఈ ఎగుడుదిగుడు తగ్గి దెబ్బలు సమానానికి దగ్గరవుతాయని జాజ్ వాద్యగాళ్ళను పరిశీలించినవారు చూపారు. పంబలోనూ మా చెవికి అటువంటిదే వినిపించింది. మెల్లగా ఉన్నప్పుడు ఊగే దరువు, వేగం అందుకున్నాక బిగుసుకుంటుంది. అంటే దరువుకు ఒక నడక కాదు, నడకల వరుస ఉంది. రెండు సెకన్ల ముక్కను కోసి తిప్పి తిప్పి వినిపించినవారికి ఈ వరుస ఎలా దొరుకుతుంది?

ధ్వని సంగతి కొంచెం చెప్పాలి, కొంచెమే. ఒకే దెబ్బను రికార్డు చేసి అన్ని గళ్ళలోనూ వాడితే చెవి వెంటనే పట్టేస్తుంది. నాలుగైదు దెబ్బలు తీసుకుని మార్చి మార్చి వాడితే నయం. ఉడుక్కై నడుము తాళ్ళు నొక్కినప్పుడు జారే స్వరాన్ని కూడా ఇప్పటి ప్రోగ్రాములు బాగానే అనుకరిస్తాయి. చిక్కంతా తోలుతో. పలకను మంట దగ్గర కాచి వాయిస్తారు. కాచిన వెంటనే ఖంగుమంటుంది, మంచు పడేకొద్దీ దిగుతుంది, మళ్ళీ కాస్తారు. మనం దాచుకున్న చప్పుడు ఏ వేళది? ఫైబర్ మూత వేసిన పలకలు వచ్చాక వాద్యగాళ్ళే ఈ ప్రశ్నను పక్కన పెట్టేశారు. అది వారికి సౌకర్యం. తప్పు పట్టే హక్కు మనకు లేదు.

అసలు చప్పుడుంటే అసలు దరువు ఉన్నట్లేనా? ఈ ప్రాంతపు గుళ్ళలో చాలాచోట్ల మనందరం చూసిన ఒక డ్రమ్ మెషిన్ ఉంది. హారతివేళ పూజారి స్విచ్చి వేస్తే మోటారు తిరిగి కర్రలు భేరిని కొడతాయి, గంటలు మోగుతాయి. అక్కడ కొట్టబడుతున్నది నిజమైన డోలు, కొడుతున్నది నిజమైన కర్ర. ఐనా దాన్ని విని తల ఊపినవారిని నేను చూడలేదు. దీనికి ఎదురుగా 1982లో బొంబాయి వాద్యగాడు చరణ్‌జీత్ సింగ్ చేసిన పనిని పెట్టండి. పది రాగాలను టీఆర్-808 దరువుల మీద వాయించి రికార్డు చేశాడు. అందులో తోలు లేదు, కర్ర లేదు. ఆ రికార్డును అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలైతే ప్రపంచం చెవి ఒగ్గి విన్నది. ఆయన యంత్రాన్ని తబలాలాగా పలికించబోలేదు, యంత్రం ఎలా నడుస్తుందో అలాగే నడవనిచ్చి, దాని మీద రాగాన్ని నడిపించాడు. కనుక కృత్రిమం గనుక చెడ్డది అనే వాదం నిలవదు. ఎవరో ఒకరు వింటూ వాయించారా లేదా అన్నదే నిలుస్తుంది.

పెరియపాళయంలో ఈ వినడం చాలావరకు చూడడమే. వర్ణింపు సాగుతుండగా ఎవరికో పూనకం వస్తుంది. అప్పటినుంచి పంబాయన చూపు ఆ మనిషి పాదాల మీదే. అడుగు తడబడితే దరువు ఆగి అందుకుంటుంది. అడుగు రెచ్చితే ముందుకు తోస్తుంది. చాలనుకున్నప్పుడు ఆయనే దించుతాడు. మనం చూస్తున్నది వాద్యమా, వైద్యమా అనిపించే ఘట్టం అది. మా విద్యార్థి ఎన్నుకున్న ముక్క సరిగ్గా ఈ ఘట్టంలోది. అతని దగ్గర చప్పుడు ఉంది, పాదాలు లేవు. మూలంలో ఆలస్యమైన ఆ దెబ్బ ఎవరి కోసం ఆలస్యమైందో రికార్డు చెప్పదు. పాట కచేరీల్లో వాడే ప్యాడ్‌ను ఈ సందర్భంలో డ్రమ్ మెషిన్‌తో కలిపి తిట్టకూడదు. 1985లో ఆక్టాప్యాడ్ వచ్చినప్పటినుంచీ దాని వెనుక ఒక మనిషి కర్రలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఎదుటివాళ్ళ పాదాలు అతనికి కనిపిస్తాయి. కాకపోతే పంబ, ఉడుక్కై, సిలంబు పట్టుకున్న మేళం చేసే పనికి ఇప్పుడు ఒక్కడు చాలు. మిగిలినవారు ఏం చేస్తున్నారన్నది సంగీతశాస్త్రం అడిగే ప్రశ్న కాదుగాని, మనం అడగాలి.

ఎందుకంటే ఈ వాద్యాల చరిత్ర వాయించినవారి చరిత్ర నుంచి విడదీయరానిది. డప్పును శతాబ్దాలపాటు చావుకబురుకూ చాటింపుకూ వెట్టిగా వాయించింది మాదిగలు, మాలలు. తమిళనాట పఱైని అంటిపెట్టుకున్న అవమానమూ అటువంటిదే. ఆ డప్పును దళిత ఉద్యమం ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టింది మన కాలంలోనే. చావు దరువు, గుండం దరువు, ప్రదక్షిణ దరువు అని పేర్లున్నవి కొన్ని, పేరులేనివి ఎన్నో. వాయించేవాడిని గడప దాటనివ్వని ఇంట్లో అతని దరువు మాత్రం ఒక ఫైలుగా, పేరు లేకుండా చేరిపోవడం చాలా సులువైన పని. దూరదేశపు ఉదాహరణే చూడండి. స్టబుల్‌ఫీల్డ్ దరువు వందలాది రికార్డుల్లోకి వెళ్ళింది. హక్కులు ఆయనవి కావు గనుక వాటి రాబడీ ఆయనది కాలేకపోయింది. 2017లో ఆయన మరణించారు. కోల్‌మన్ 2006లో నిలువనీడ లేని స్థితిలో పోయారు. పేర్లు లోకానికి తెలిసినవారి సంగతే ఇది.

ఇతర రాష్ట్రాల్లో, ఇతర దేశాల్లో చదువుకుంటున్న మన విద్యార్థులు చాలామందికి పంబ గాని డప్పు గాని చేతికందేవి కావు. వారికి యంత్రమే బడి. వద్దనడం నా ఉద్దేశం కాదు. చదువు రాకముందు పద్యం కంఠస్థం చేసినట్లుగా, కట్టి చూస్తేగాని ఎక్కడ కట్టడం కుదరదో తెలియదు. మా వాడు మొదటి ప్రయత్నం చేసి ఉండకపోతే ఆ అమ్మాయి మాటకూ తావుండేది కాదు. కాని ముక్క కోసుకోవద్దు. అరగంట మొత్తం వినండి. గళ్ళకు అంటించే ఏర్పాటు తీసివేసి ఒక్కొక్క దెబ్బనూ చేత్తో జరపండి. అన్నిటికన్నా ముందు, ఆ దరువుకు మీ కాళ్ళతో నాలుగడుగులు వేసి చూడండి. సిగ్గుపడితే తలుపు వేసుకోండి.

అతను రెండోసారి కట్టిన దరువు మొదటిదానికన్నా మోటుగా ఉంది, మెరుగ్గానూ ఉంది. రెండు చోట్ల దెబ్బలు తీసేసి ఖాళీ వదిలాడు. అక్కడ ఏముందో తనకు వినిపించలేదని ఒప్పుకున్నాడు. దాన్ని ఫోనులో పెట్టుకుని మళ్ళీ ఊత్తుక్కోట బస్సెక్కాడు. ఫైలుకు ఏం పేరు పెట్టాలి తాతా అని పంబాయనను అడిగితే, ఆయన ముందు పూర్తిగా విన్నాడట, తరువాత ఖాళీల దగ్గర నాలుకతో రెండు చప్పుళ్ళు చేసి చూపించాడట. పేరు సంగతి మాత్రం తేలలేదు. ఫైలు మీద ప్రస్తుతానికి మేళంలోని నలుగురి పేర్లూ ఉన్నాయి, చివర మా వాడిది.