నరం, నాడి, వెన్నుపాము: శరీరనిర్మాణ పరిభాషపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

శాస్త్ర పరిభాషను విమర్శకులు సాధారణంగా రెండు కొలతలతో చూస్తారు: వ్యుత్పత్తి సరిగా ఉన్నదా, మూలపదానికి సమానమైనదా అని. వినేవాని మనసులో ఆ పదం ఏ అర్థాన్ని కలిగిస్తుందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది. తల, వెన్ను, నాడీవ్యవస్థలకు సంబంధించిన తెలుగు పదాలను ఆ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నరం – నాడి

అనకాపల్లి జిల్లా కోటవురట్ల వంటి మండల కేంద్రంలో తెలుగు మాధ్యమ విద్యార్థి బడిలో ‘నాడి’ అని చదువుతాడు, ఇంట్లో ‘నరం’ అని వింటాడు. సెలైన్ ఎక్కించడానికి ‘నరం దొరకలేదు’ అన్నప్పుడు అది సిర. మెడ ‘నరం పట్టేసింది’ అన్నప్పుడు తరచుగా కండరం. ‘నరాల డాక్టరు’ అన్నప్పుడే అది నాడి. మరోవైపు వాడుకలో ‘నాడి చూడటం’ అంటే మణికట్టు దగ్గర ధమని స్పందనను గమనించడం. పుస్తకం ఎంచుకున్న పదానికి వాడుకలో వేరే అర్థం ఉంది. వాడుక పదం ఒకేసారి మూడు అవయవాలను సూచిస్తోంది.

ఈ అస్పష్టతకు మూల్యం ఉంది. కుడిచేయి హఠాత్తుగా చచ్చుబడితే లోపం సాధారణంగా మెదడు ఎడమభాగంలో ఉంటుంది. రక్తపు గడ్డ కారణమైతే దానిని కరిగించే మందును సాధారణంగా 4.5 గంటలలోపు ఇవ్వాలి. ‘చేతి నరం పడిపోయింది’ అనుకొని తైలమర్దనతో కాలం గడిపినవారికి ఆ వ్యవధి మిగలదు.

వెన్నుపాము

‘వెన్నుపాము’ ఇంతకంటే మేలైన పదం. వెన్నెముకలోని నాళంలో సన్నగా సాగే ఆకృతిని అది కళ్లకు కట్టిస్తుంది. పెద్దలలో ఈ పాము నడుము మొదటి, రెండవ పూసల ప్రాంతంలోనే ముగుస్తుంది. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. అయినా వాడుకలో వెన్నుపూస, వెన్నెముక, వెన్నుపాము ఒకదానికొకటి మారుపేర్లవుతున్నాయి. తాటిచెట్టు మీది నుంచి పడినవానికి పూస విరిగినా పాము క్షేమంగా ఉండవచ్చు. కాళ్లూ చేతులూ పట్టి లేవనెత్తితే ఆ పామూ దెబ్బతినవచ్చు. ఎముక వేరు, పాము వేరు అన్న ఎరుక అక్కడ అత్యవసరం.

ముగింపు

‘నరం’ను బహిష్కరించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. పాఠంలో ‘నాడి’ నిర్వచనం పక్కనే ‘నరం’కు గల వాడుక అర్థాలను విడదీసి చూపాలి. అభివాహి, అపవాహి వంటి పదాలకు ముందు జ్ఞాననాడి, చాలకనాడి అన్న పేర్లను పరిచయం చేయాలి. పరిభాషా నిర్మాతలు నిఘంటువులతో పాటు ఆసుపత్రి వరండాలో వినిపించే తెలుగును కూడా ఆకరంగా స్వీకరించాలి.