పాడినవాళ్ల పేర్లు

1902 నవంబరులో కలకత్తాలో ఒక హోటలు గదిని స్టూడియోగా మార్చి, గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. మన దేశంలో ప్లేటుకెక్కిన తొలి గొంతుల్లో ఆమెది ఒకటి. పాట అయిపోగానే ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో బిగ్గరగా చెబుతుంది. ఇవాళ వినేవాళ్లకు అది గడుసుదనంలా తోస్తుంది గానీ, దాని వెనక పని అవసరం ఉంది. ఇక్కడ రికార్డు చేసిన మూల ఫలకాలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ చేరి, అక్కడ ప్లేట్లుగా అచ్చయి తిరిగి రావాలి. ఏ పాట ఎవరిదో అక్కడి పనివాళ్లకు తెలియాలి, లేబుల్ మీద సరైన పేరు పడాలి. అందుకని పాట చివరే పేరు చెప్పించారు. ఆ పద్ధతి పోయాక పేరు మోసే బాధ్యత పూర్తిగా కాగితానిదే అయింది. మొదట ప్లేటు నడుమ అంటించే లేబుల్, తర్వాత అట్ట.

ఈ పుస్తకం ఆ అట్ట గురించి. మాస్ కమ్యూనికేషన్ చదువుతున్న ముగ్గురు విద్యార్థులు ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టుగా నాటు పాటల ఆల్బం చేశారు. నల్లగొండ వైపు ఒక ఊళ్లో వరినాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాటలను పొలం గట్టు మీదే రికార్డు చేసి, ‘నాటు వేళ’ అని పేరు పెట్టారు. దానికి డిస్కు పెట్టే ఆరు పలకల మడత అట్ట (డిజిపాక్), చిన్న పాటల పుస్తకం, ఫోన్లలో కనిపించే చదరపు బొమ్మ తయారు చేశారు. మొదటి పెన్సిలు గీత నుంచి ప్రెస్సులో చివరి షీటు దాకా ఆ పని ఎలా సాగిందో ఇక్కడ రాశారు. పిల్లల పని కదా, నాలుగు ఆశీర్వచనాలు చాలునని వాళ్ల మాస్టారు అన్నారు. చదివాక నాకు అలా సరిపెట్టబుద్ధి కాలేదు. అట్టలు గీసి బతికినవాణ్ని. ఈ పనిలో ఏది కష్టమో తెలుసు. వీళ్లు ఆ కష్టమైన చోటే నిలబడ్డారు.

సంగీతపు అట్టకు చరిత్ర మరీ పెద్దదేం కాదు. 78 ఆర్పీఎం ప్లేట్లు చాలాకాలం మధ్యలో చిల్లున్న గోధుమరంగు కాగితపు తొడుగుల్లోనే అమ్ముడయ్యాయి. కొన్ని ప్లేట్లను కలిపి ఫొటోల పుస్తకంలా కుట్టేవారు కాబట్టే దానికి ఆల్బం అనే మాట వచ్చింది. అమెరికాలో కొలంబియా రికార్డ్స్‌లో చేరిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రవాడు 1940 ప్రాంతంలో ఆ బోసి అట్టల మీద బొమ్మ వేయించాడు, అమ్మకాలు పెరిగాయి. తర్వాతి కథ అందరూ చెప్పేదే. బీటిల్స్ 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్స్’ అట్ట, పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన పట్టకం బొమ్మ ప్రతి డిజైన్ క్లాసులోనూ వినిపిస్తాయి. ఈ పుస్తకంలోనూ రెండో అధ్యాయంలో ఉన్నాయి. అవి గొప్పవే. కానీ నా మనసు ఎప్పుడూ అట్ట వెనక వైపు, చిన్న అక్షరాల మీదికి పోతుంది.

1949లో ‘మహల్’ సినిమా పాట వచ్చినప్పుడు రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు. తెర మీద పాడిన పాత్ర పేరు, ‘కామిని’ అని వేశారు. దేశమంతా ఆ గొంతు ఎవరిదని అడిగింది. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు ఏళ్ల తరబడి వాయిద్యం వాయించిన ‘ఫంక్ బ్రదర్స్’ బృందం పేరు ఆ కంపెనీ ఆల్బం అట్ట మీద మొదటిసారి కనపడింది 1971లో, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’కి. అప్పటికే వాళ్లు వాయించిన పాటలు ప్రపంచమంతా మోగుతున్నాయి. అంత పెద్ద ఊళ్లలో, అంత పెద్ద కంపెనీల్లో జరిగిన సంగతి ఇది. ఇక పొలంలో పాడేవాళ్ల మాట చెప్పాలా?

మన క్యాసెట్ల కాలం నేను దగ్గర నుంచి చూశాను. క్యాసెట్ పెట్టెలో పెట్టే ఇన్‌లే కార్డు ముఖం ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పు, పది ఎత్తు. అందులోనే హీరో, హీరోయిన్, సినిమా పేరు, కంపెనీ గుర్తు, ధర. పక్కన సెంటీమీటరు వెన్ను. మడిచిన లోపలి రేకు మీద పాటల పట్టిక. అక్షరాలు అచ్చయిన బ్రోమైడ్ కాగితాలు కత్తిరించి అంటించేటప్పుడు చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేది కోరస్ పాడినవాళ్ల పేర్లు, ఆ తర్వాత వాయిద్యకారులవి. జానపద గీతాల క్యాసెట్లయితే మరీ అన్యాయం. ‘సేకరణ’ అని ఒక పేరు, ‘సంగీతం’ అని ఒక పేరు, పాట ఎవరిదంటే ‘జానపదం’. పాట ఎవరి నోటి నుంచి విన్నారో ఆ మనిషి ఊరూ పేరూ రాసి తెచ్చి, దీన్ని కూడా వేయండి అని అడిగిన సేకర్తలు లేకపోలేదు. చోటు లేదన్నది కంపెనీవాళ్ల జవాబు. కంపెనీ గుర్తుకు మాత్రం చోటు ఎప్పుడూ ఉండేది.

చట్టం కూడా ఈ విషయంలో ఆలస్యంగానే కదిలింది. మన కాపీరైట్ చట్టంలో 52ఎ సెక్షన్ ఉంది. రికార్డు మీద, దాని పెట్టె మీద ఏమేం అచ్చు వేయాలో చెబుతుంది: రికార్డు తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం. పాడినవాళ్ల పేరు ఆ జాబితాలో లేదు. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్ గాయకులకూ వాద్యకారులకూ తమ ప్రదర్శన తమదని చెప్పుకునే హక్కు ఇచ్చింది. ఈ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చదివి, అందులోంచి అట్ట కొలతల్ని తేల్చుకున్న డిజైన్ విద్యార్థుల్ని నేను ఇంతవరకు చూడలేదు. వీళ్లు రంగులు ఎంచుకోకముందే పేర్లకు ఎంత చోటు కావాలో లెక్కగట్టారు. మిగిలిన చోటే బొమ్మకి.

నాలుగో అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. మొదటి అట్ట మీద వీళ్లు వేసింది మనందరికీ తెలిసిన బొమ్మే: పచ్చటి పొలం, వంగిన నడుములు, ఎర్రచీరల వరస. ఫొటో అందంగా ఉంది, మాస్టారు మెచ్చుకున్నారు. ఆ నమూనా అట్ట (డమ్మీ) పట్టుకుని ఊరికి వెళ్లి పాడినవాళ్లకు చూపించారు. ఒకామె దాన్ని అటూ ఇటూ తిప్పి, ‘మంచిగుంది బిడ్డా, మరి మా మొకాలేవి?’ అని అడిగింది. క్యాలెండర్ల మీద, ప్రభుత్వ ప్రకటనల మీద, పుస్తకాల మీద ఆడకూలీల నడుములు చూసి చూసి మనకు ఆ ప్రశ్న రాకుండా పోయింది. పిల్లలు ఆ రాత్రి బస్సులోనే అట్ట మార్చాలని నిర్ణయించుకున్నారట. అంతకుముందు చేసిన పనంతా వదులుకోవడానికి ఆ వయసులో చాలా ధైర్యం కావాలి.

కొత్త అట్ట ముందు వైపు బొమ్మ లేదు. బురద రంగు కాగితం మీద చేత్తో రాసిన ‘నాటు వేళ’ అన్న అక్షరాలు మాత్రమే. విప్పితే లోపల మూడు పలకలూ కలిసి ఒకే వరస అవుతాయి. పాడిన ఆడవాళ్లంతా మడిలో ఏ క్రమంలో నిలబడతారో అదే క్రమంలో, ఎదురుగా చూస్తున్న ముఖాలు. ప్రతి ముఖం కింద పేరు, ఇంటిపేరు. ముందు పాట ఎత్తుకునే ఆమె ఎవరు, వంత పాడేవాళ్లు ఎవరన్నది కూడా రాశారు. ఒకామె తన పేరు పక్కన వాళ్లమ్మ పేరు కూడా వేయమంది, పాటలన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నానని. వేశారు. అక్షరక్రమంలో పెడితే తేలికయ్యేది. పొలంలో వరసకు ఒక అర్థం ఉంది, చేతివేగం కలిసినవాళ్లు పక్కపక్కన ఉంటారు. అది తెలుసుకుని అట్టలోకి తెచ్చారు.

ఆ పేర్లను అచ్చువేసిన తీరు గురించి ప్రెస్సు మనిషిగా ఒక మాట చెప్పాలి. నాలుగు రంగుల బొమ్మ మీద చిన్న తెల్లటి తెలుగు అక్షరాలు వదిలితే, అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సున్నలు పూడిపోతాయి, ఒత్తులు కలిసిపోతాయి. ఇంగ్లీషుకు పెద్దగా నష్టం లేదు. తెలుగులో పేరే మారిపోతుంది. వీళ్లు పేర్లను బొమ్మ మీద నుంచి తప్పించి, పూత లేని కాగితం మీద ఒక్క నలుపుతో వేశారు. ఖతి పేరు ‘మండలి’, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగింది. పాఠాల పుస్తకం సైజు అక్షరం. కంటిచూపు తగ్గిన పెద్దామె కూడా తన పేరు పోల్చుకోగలగాలి అన్నది వాళ్లు పెట్టుకున్న కొలత.

డిజిపాక్ వెన్ను ఐదారు మిల్లీమీటర్లు. ఇంగ్లీషు పేరుకు అది చాలు. తెలుగు అక్షరం మూడంతస్తుల ఇల్లు: పైన గుడి, ఏత్వం; నడుమ అక్షరం; కింద ఒత్తు. అంత సన్న వెన్ను మీద మూడూ పట్టాలంటే అసలు అక్షరం చీమంత అవుతుంది. మొదట అనుకున్న పేరు ‘నాట్ల వేళ’. ఆ ఒక్క ఒత్తు తీసేస్తే అక్షరం అంత మేర పెరుగుతుందని కొలిచి చూసి, ‘నాటు వేళ’గా మార్చారు. పేరు పెట్టేటప్పుడే అల్మరాలో అది నిలబడే చోటుని ఆలోచించినవాళ్లు అరుదు.

తక్కిన పనితనం గురించి క్లుప్తంగా చెబుతాను. కాగితం గ్రెయిన్‌కు, అంటే పోగుల దిశకు, అడ్డంగా క్రీజింగ్ చేస్తే మడత దగ్గర రంగు పగులుతుందని ఒక డమ్మీ పాడయ్యాక తెలుసుకుని షీటు తిప్పి వేయించారు. ప్లాస్టిక్ ట్రే వద్దనుకుని డిస్కుకు కాగితపు జేబు పెట్టారు. రోలింగ్ స్టోన్స్ 1971 నాటి ‘స్టికీ ఫింగర్స్’ అట్ట మీద నిజమైన జిప్పు పెడితే, కట్టలు కట్టి పంపినప్పుడు అది పక్క ప్లేటును నొక్కి పాట పాడుచేసింది. జిప్పును సగం కిందికి లాగి లేబుల్ మీదికి తెచ్చాక గానీ ఆ గొడవ తీరలేదు. ఆ కథ చదివే కాబోలు, వీళ్లు జేబులో డిస్కును పదే పదే తోసి, తీసి, గీతలు పడుతున్నాయేమో చూశారు. ఊళ్లో సీడీ ప్లేయర్లు లేవు కాబట్టి వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్ కూడా ఉంది.

నాకు ఒప్పుదల లేనివి రెండు. నారుమడి పచ్చ కంప్యూటరు తెర మీద మెరుస్తుంది, నాలుగు సిరాల్లో అది ఎప్పటికీ రాదు. పాటల పుస్తకంలో ఆ పచ్చ మసకబారి ఆకుకూర రంగుకు దిగింది. విడి సిరా ఒకటి కలిపించుకుని ఉండాల్సింది, ఖర్చు పెరిగినా సరే. రెండోది ఇంకా ముఖ్యం. ఫోన్లో కనిపించే చదరపు బొమ్మ మీద ఆల్బం పేరు ఒక్కటే ఉంది. అట్ట లోపల ఇంత శ్రద్ధగా నిలబెట్టిన పేర్లు, పాటను ఫోన్లో వినేవాళ్లకు ఎక్కడా కనిపించవు. ఎక్కువమంది వినేది అక్కడే. బొమ్మలో అన్ని పేర్లు పట్టవు, నిజమే. పాటను ఎక్కించేటప్పుడు గాయకుల గడిలో ‘జానపద బృందం’ అని కాకుండా ఒక్కొక్కరి పేరూ నింపవచ్చు. ఒక సాయంత్రం పని.

ఆల్బానికి మరో ముద్రణ తలపెట్టారని విన్నాను. నాట్లు మొదలయ్యేలోగా ప్రతులు ఊరికి చేరాలి. ఆ పచ్చ సిరా ఖర్చు నాది. ఫోన్లో గాయకుల గడి నింపే పని మాత్రం ఆ ముగ్గురూ ఈ వారమే కూర్చుని పూర్తి చేయాలి. ఇంటిపేర్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎవరి పేరు ఎలా రాయాలో మళ్లీ ఊరికి ఫోన్ చేసి అడగాలి.