జ్వరం దిగాకే అసలు డ్యూటీ

విదేశీ ఉద్యోగాలకు అప్లై చేసే మా జూనియర్ నర్సులు తరచూ అడుగుతుంటారు: "అక్కా, నేను చేసింది జనరల్ వార్డు. అది అక్యూట్ కేర్ కిందికి వస్తుందా?" ఐసీయూలోనో క్యాజువాలిటీలోనో చేసినవాళ్లకు ఈ అనుమానమే రాదు. వెంటిలేటర్ చప్పుడు వినిపిస్తేనే అక్యూట్ అని మన బుర్రల్లో ముద్ర పడిపోయింది.

నన్నడిగితే, గంటల్లో పరిస్థితి తిరగబడే రోగి ఏ మంచం మీదున్నా అక్యూటే. పక్షవాతంతో నెలల తరబడి ఒకేలా ఉన్న మనిషిని చూసుకోవడం వేరే విద్య, అదీ తేలిక కాదు. కానీ ఆయనకే రేపు నిమోనియా వస్తే లెక్క మారిపోతుంది.

వానాకాలం డెంగీ వార్డు చూడండి. నాలుగో రోజో ఐదో రోజో జ్వరం దిగుతుంది. "ఒళ్లు చల్లబడింది సిస్టర్, ఇంటికి తీసుకెళ్లిపోతాం" అంటారు ఇంటివాళ్లు. మాకు కాపలా మొదలయ్యేది అప్పుడే. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లో రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోయే ప్రమాదం ఉంది. 110/70 ఉన్న బీపీ 100/84 అయిందనుకోండి. పై అంకె చూసి బాగానే ఉందనుకుంటే కొంప మునిగినట్టే. రెండు అంకెల మధ్య తేడా 20, అంతకన్నా తక్కువైతే షాక్‌లోకి వెళుతున్నట్టే. ఇంటివాళ్లు ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం తిరుగుతుంటే మేం చూసేది చల్లబడ్డ చేతులు, ఆగని వాంతులు, కడుపునొప్పి, తగ్గిన మూత్రం, మగత.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన ఎర్లీ వార్నింగ్ స్కోరు వార్డు రోగుల కోసం కూడా పెట్టిందే. అందులో శ్వాస నిమిషానికి 25 ఉంటే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు. మొత్తం 7కు చేరితే ఎమర్జెన్సీ. మన చార్టుల్లో శ్వాస గడి నిండా చాలాసార్లు 20, 20, 20 అనే కనిపిస్తుంది. వార్డంతా ఒకే లెక్కన ఊపిరి తీస్తుందా? ఛాతీ కదలిక చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. 40 మంచాలకు ఇద్దరే నర్సులున్న రాత్రి ఆ నిమిషమే కరువు, అదీ నిజమే.

అందుకే అనుభవం రాసే చోట వార్డు పేరుతో ఆగిపోవద్దంటాను. ఎలాంటి రోగులు, ఎన్ని గంటలకోసారి వైటల్స్, ఏం గమనించి డాక్టర్‌ను పిలిచారు, అన్నీ రాయండి. కొన్ని ఆస్పత్రులు ఐసీయూ అనుభవమే కావాలంటాయి, అది వాటి ఖాళీలను బట్టి. బీపీ అంకెల మధ్య తేడా పట్టుకుని అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌ను నిద్రలేపిన అమ్మాయి మాత్రం, అక్యూట్ కేర్ చేశానని మొహమాటం లేకుండా రాసుకోవచ్చు.