ఎక్సెప్షన్‌ను ఎక్కడ పట్టుకోవాలి? ఏరియాన్ 5 వైఫల్యంపై ఒక విమర్శ

ఎక్సెప్షన్‌ను పట్టుకునే పద్ధతి మీకు తెలుసు. ఎక్కడ పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏం చేయాలి అన్నవి అంతకన్నా కష్టమైన ప్రశ్నలు. ఒక నిజ సంఘటన ఆధారంగా వీటిని పరిశీలిద్దాం.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలో తొలిసారి ఎగిరిన ఏరియాన్ 5 రాకెట్ నిమిషం లోపే ముక్కలైంది. రాకెట్ దిశను, కదలికను లెక్కించే కంప్యూటర్‌లో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేచోట విలువ పట్టక ఎక్సెప్షన్ తలెత్తింది. ఆ ప్రోగ్రామ్ ఏరియాన్ 4 కోసం రాసినది. కొత్త రాకెట్ ప్రయాణ మార్గంలో ఆ విలువ చాలా పెద్దది.

ప్రోగ్రామర్ తనిఖీ రాయడం మరచిపోయాడని ఈ కథను చాలామంది ముగిస్తారు. ఇది సరికాదు. జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం నివేదిక ప్రకారం, ప్రమాదం ఉన్న 7 వేరియబుళ్లను ముందే గుర్తించారు. కంప్యూటర్ పనిభారం 80 శాతం మించకూడదన్న పరిమితి వల్ల 4 వేరియబుళ్లకే రక్షణ కల్పించారు. అంటే అది మరపు కాదు, నిర్ణయం.

అసలు లోపం ఆ తరవాతి మెట్టులో ఉంది. ఏ ఎక్సెప్షన్ వచ్చినా వివరాలు నమోదు చేసి ప్రాసెసర్‌ను ఆపేయాలన్నది నియమం. యంత్రభాగం చెడిపోతే బ్యాకప్ కంప్యూటర్ ఆదుకుంటుందన్నది దాని వెనక ఉన్న ఆలోచన. కానీ రెండింటిలోనూ ఉన్నది ఒకే ప్రోగ్రామ్. బ్యాకప్ అప్పటికే అదే కారణంతో ఆగిపోయింది. లోపాన్ని తెలిపే సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారంగా భావించి నాజిళ్లను పూర్తిగా తిప్పింది. విచిత్రమేమిటంటే, రాకెట్ నేలను వదిలాక ఆ లెక్కతో అవసరమే లేదు.

అయితే ఎప్పుడూ ఆగకపోవడమే మేలా? కాదు. బ్యాంకు ఖాతాలో తప్పు విలువతో ముందుకు సాగడం కన్నా లావాదేవీని ఆపడమే మంచిది. కాబట్టి ఆగాలా, సాగాలా అన్నది ఆ పని స్వభావాన్ని బట్టి తేలాలి. ఆ విలువ దేనికో లెక్క జరిగే చోట తెలుస్తుంది. మొత్తం పనిని ఆపవచ్చో లేదో పై స్థాయిలో తెలుస్తుంది. ఈ రెండూ తెలియని చోట ఒకే నియమంతో అన్నిటినీ పట్టుకోవడమే ఇక్కడ కొంప ముంచింది.

స్వయం సమీక్ష: మీరు రాసిన ఒక ప్రోగ్రామ్ తీసుకోండి. అందులో ఎక్సెప్షన్‌ను పట్టుకునే ప్రతి చోటా, అక్కడ సరైన నిర్ణయం తీసుకోవడానికి తగిన సమాచారం ఉందో లేదో రాయండి.