వైఫల్యమే విభావంగా: ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్’ చిత్రంలో హాస్యనిర్వహణ

వ్యాస సంగ్రహం

పాత్రధారణ క్రీడ నుంచి రూపొందిన సాహసకథలో హాస్యం ఏ స్థానంలో ఉంటుంది? వీరకథ మధ్యలో విశ్రాంతి కోసం చేర్చే ఉపాంగమా, లేక కథను నడిపే శక్తా? 2023లో విడుదలైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్’ అనే ఆంగ్ల చలనచిత్రం ఆధారంగా ఈ ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వైఫల్యం ఈ చిత్రంలో హాస్యానికీ కరుణకూ ఉమ్మడి విభావంగా పనిచేస్తుందని, అందువల్లనే పరస్పరవిరోధులుగా లాక్షణికులు చెప్పిన ఈ రెండు రసాలూ ఒకే కథలో పొసగాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పాత్రధారణ క్రీడ, హాస్యరసం, వీరాభాసం, విదూషకుడు, వైఫల్యం, రసవిరోధం.

1. ప్రవేశిక

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ క్రీడ 1974లో అమెరికాలో వెలువడింది. బొమ్మ సైన్యాలను బల్లమీద మోహరించి ఆడే యుద్ధక్రీడలు దీనికి పూర్వరూపం. ఆ క్రీడల్లో ఆటగాడు ఒక సైన్యాన్ని నడిపేవాడు. ఈ క్రీడలో ఒక్క వ్యక్తిని మాత్రమే నడుపుతాడు. ఈ చిన్న మార్పుతో సైన్యం స్థానంలో పాత్ర, వ్యూహం స్థానంలో కథ వచ్చి చేరాయి. నలుగురైదుగురు మిత్రులు కలిసి కూర్చుంటారు. ఒకరు కథానిర్వాహకులుగా ఉండి లోకాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ లోకంలో ఏమి చేయదలచారో చెబుతారు. వారి ప్రయత్నం ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక నిర్ణయిస్తుంది.

ఈ క్రీడాలోకాన్ని ఆధారం చేసుకుని జొనాథన్ గోల్డ్‌స్టీన్, జాన్ ఫ్రాన్సిస్ డేలీ దర్శకత్వం వహించిన చిత్రం ‘ఆనర్ అమాంగ్ థీవ్స్’. గాయకుడూ దొంగా అయిన ఎడ్గిన్, యోధురాలు హోల్గా, ఆత్మవిశ్వాసం లేని మాంత్రికుడు సైమన్, జంతురూపాలు ధరించగల డోరిక్ ఒక బృందంగా ఏర్పడి, నమ్మించి మోసగించిన పాత మిత్రుడు ఫోర్జ్ నుంచి ఎడ్గిన్ కుమార్తె కీరాను, మృతులను బతికించే మంత్రఫలకాన్ని తిరిగి పొందడానికి చేసిన ప్రయత్నమే ఇతివృత్తం. ఇతివృత్తం కొత్తది కాదు. అది నడిచిన తీరే పరిశీలనార్హం.

2. పాచిక, కథనం

కథ చెప్పేవారు, వినేవారు కలిసి సాగించే ప్రయాణం తెలుగువారికి కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీ మజిలీ కథలు’లో మణిసిద్ధుడు ప్రతి మజిలీలోనూ తన వెంట వచ్చే పశులకాపరి బాలుడికి కథ చెబుతాడు. దారిలో కనిపించిన వింతను గురించి ఆ బాలుడు అడిగిన ప్రశ్నే కథకు ప్రేరణ. అయితే ఆ ప్రశ్న కథను పుట్టిస్తుందే గాని దాని గతిని మార్చలేదు. కథ ముందే జరిగిపోయింది, మణిమహిమ వల్ల సిద్ధుడికి అది తెలుసు.

పాత్రధారణ క్రీడలో ఈ సంబంధం తలకిందులవుతుంది. శ్రోతే పాత్ర, పాత్రే కర్త. కథానిర్వాహకుడికి సైతం ముగింపు తెలియదు. ఎంతటి వీరుడి ఖడ్గమైనా పాచిక మీద ఒకటి పడితే గురి తప్పుతుంది. అందుచేత వైఫల్యం ఈ క్రీడకు బయటి నుంచి వచ్చే విఘ్నం కాదు, దాని నిర్మాణంలోనే నిహితమై ఉన్న అవకాశం. ఆటగాళ్ల నవ్వులో అధికభాగం ఈ అవకాశం నుంచే పుడుతుంది.

చలనచిత్రానికి పాచిక లేదు. అందులో ప్రతి సంఘటనా ముందే రాసుకున్నదే. పాచికను తెరపై చూపకుండానే పాచిక పడిన అనుభూతిని ప్రేక్షకుడికి ఎలా కలిగించాలి? ఈ సమస్యకు దర్శకులు కనుగొన్న పరిష్కారం ప్రణాళికా భంగం. ఎడ్గిన్‌కు ఖడ్గబలం లేదు, మంత్రబలం లేదు. అతడి పని ఉపాయం పన్నడం, అది చెడితే మరొకటి పన్నడం. కథ ఆద్యంతం ఈ రెండు క్రియల ఆవృత్తితోనే సాగుతుంది.

3. వీరాభాసం నుంచి హాస్యం

శృంగారం నుంచి హాస్యం, వీరం నుంచి అద్భుతం పుడతాయని భరతుడు చెప్పాడు. అభినవగుప్తుడు మరొక అడుగు ముందుకు వేసి, అనౌచిత్యం వల్ల ఏర్పడే ఆభాస శృంగారంలోనే కాక ఏ రసంలోనైనా హాస్యానికి దారితీయగలదని వివరించాడు. ఈ చిత్రంలోని హాస్యాన్ని అర్థం చేసుకోవడానికి ఈ వివరణ ఎంతగానో ఉపకరిస్తుంది. ఇందులో నవ్వు పుట్టే ప్రధాన సన్నివేశాలన్నీ వీరం వీరాభాసంగా మారిన సందర్భాలే. మూడు సన్నివేశాలను ఉదాహరించవచ్చు.

మొదటిది కారాగార సన్నివేశం. ఎడ్గిన్, హోల్గాలు క్షమాభిక్ష కోసం న్యాయసభ ముందు నిలుస్తారు. ఎడ్గిన్ తన గతాన్ని సుదీర్ఘంగా చెబుతూ, జర్నాథన్ అనే సభ్యుడు ఇంకా రాలేదేమని పదేపదే అడుగుతాడు. ఆ సభ్యుడు పక్షిరూపుడు. అతడు రాగానే ఇద్దరూ అతణ్ణి పట్టుకుని కిటికీలోంచి దూకుతారు. సభ వారికి క్షమాభిక్ష ఇవ్వడానికి అప్పటికే సిద్ధపడిందని ఆ క్షణంలోనే తెలుస్తుంది. సాహసం ఫలించింది, కాని అవసరం లేని సాహసమైంది. వీరానికి ఆలంబనమే లేకుండా పోవడం ఇక్కడి అనౌచిత్యం.

రెండవది శ్మశాన సన్నివేశం. మంత్రబలంతో లేచిన ప్రతి శవమూ అయిదు ప్రశ్నలకు మాత్రమే సమాధానమిచ్చి మళ్లీ శాశ్వతంగా నిద్రిస్తుంది. బృందంలోని వారు తమలో తాము అనుకున్న మాటలు, తొందరపాటుతో నోరుజారినవి కూడా ప్రశ్నలుగా లెక్కకు వచ్చి వృథా అవుతాయి. భయానకానికి ఉచితమైన స్థలం, కాలం, వస్తువు అన్నీ ఉన్నా, నియమాన్ని అక్షరాలా పాటించే శవం, ఆ నియమాన్ని మరచే మనుషులు ఎదురుబొదురుగా నిలవడంతో భయం నవ్వుగా మారుతుంది. క్రీడతో పరిచయమున్న ప్రేక్షకుడికి ఇక్కడ మరొక అర్థం కూడా స్ఫురిస్తుంది. నియమగ్రంథం పట్టుకుని కూర్చున్న నిర్వాహకుడికీ, ఆలోచించకుండా మాట్లాడే ఆటగాళ్లకూ మధ్య నిత్యం జరిగే తగవు ఇదే.

మూడవది పాతాళంలోని వంతెన. జెంక్ అనే ధర్మయోధుడు ఆ వంతెనను దాటడానికి పాటించవలసిన జటిలమైన నియమాలను గంభీరంగా వివరిస్తూ ఉండగానే సైమన్ అనాలోచితంగా కాలు మోపుతాడు, వంతెన కూలిపోతుంది. ఎంతో శ్రమించి అల్లిన చిక్కుముడి విప్పకముందే తెగిపోయింది. అప్పుడు హోల్గా చేతిలో మామూలు ఊతకర్రగా ఉన్నది మంత్రదండమని తేలుతుంది. రెండు చోట్ల ద్వారాలు తెరిచి వాటిని కలిపే శక్తి దానికుంది. నిర్వాహకుడు తలపెట్టిన దారి మూసుకుపోయినప్పుడు చేతిలోని వస్తువుతో మరో దారి కనిపెట్టడం క్రీడకు ప్రాణం. తర్వాత అదే దండంతో చిత్రపటంలో ద్వారం తెరిచి కోశాగారంలోకి చొరబడాలని బృందం ఉపాయం పన్నుతుంది. పటం బోర్లా పడటంతో ద్వారం నేలరాళ్లకు ఎదురై నిలుస్తుంది. నిన్న రక్షించిన ఉపాయమే నేడు విఫలమవుతుంది.

4. విదూషకుడు లేని బృందం

సంస్కృత నాటకంలో హాస్యానికి నియతస్థానం విదూషకుడు. అతడు నాయకుడి మిత్రుడు, భోజనప్రియుడు, నాయకుడి ధీరత్వానికి భంగం కలగకుండా నవ్వు పండించే బాధ్యత వహించినవాడు. తెలుగు తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఇతిహాసకథ మధ్యలో ప్రవేశించి నవ్వించి నిష్క్రమిస్తారు. తెలుగు జానపద చిత్రాలు ఈ విభజనను స్వీకరించాయి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడి సాహసానికి అతడి సహచరుడు అంజి తోడునీడ. నవ్వులో సింహభాగం సహచరుడిది, విజయం నాయకుడిది.

‘ఆనర్ అమాంగ్ థీవ్స్’ బృందంలో ఈ విభజన కనిపించదు. నలుగురూ నాయకులే, నలుగురూ విదూషకులే. ఆటలో ఎవరి పాచిక ఎప్పుడు తిరగబడుతుందో చెప్పలేనట్లే, ఇక్కడ ఎవరు ఎప్పుడు నవ్వులపాలవుతారో చెప్పలేము. ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు తగినట్లుగా స్మిత హసితాలను, విహసిత ఉపహసితాలను, అపహసిత అతిహసితాలను భరతుడు విభజించాడు. ఆ తారతమ్యాన్ని ఈ బృందానికి అన్వయించడం సాధ్యం కాదు.

ధీరోదాత్త లక్షణాలన్నీ ఉన్న పాత్ర ఒక్కటే, జెంక్. సత్యసంధుడు, నిగర్వి, అపజయమెరుగనివాడు. అలంకారశాస్త్రం ప్రకారం కథానాయకుడు కావలసినవాడు. ఈ చిత్రం మాత్రం అతణ్ణి కొంతదూరం తోడు వచ్చి వెళ్లిపోయే పాత్రగా నిలిపింది. పైగా అతడు తానెంతమాత్రం నవ్వించే ప్రయత్నం చేయకుండానే నవ్వు పుట్టిస్తాడు. సెలవు తీసుకుని వెళ్లేటప్పుడు నేరుగా నడుస్తాడు, దారిలో బండరాయి అడ్డం వస్తే పక్కకు తప్పుకోకుండా దాన్ని ఎక్కి దిగి సాగిపోతాడు. వైఫల్యమంటే ఏమిటో తెలియనివాడు విఫలుల మధ్య నిలిస్తే అతడి పరిపూర్ణతే వికృతంగా కనిపిస్తుంది. ఇంతకాలం విదూషకుడి వేషంలో ఉన్న వికృతి ఇక్కడ నాయకలక్షణానికే సంక్రమించింది. అయినా ఆ నవ్వులో ద్వేషం లేదు. జెంక్ పట్ల గౌరవం తగ్గకుండానే అతడు ఈ కథకు నాయకుడు కాలేడని ప్రేక్షకుడు గ్రహిస్తాడు.

5. హాస్యం నుంచి కరుణకు

హాస్యానికి భయానక, కరుణరసాలు విరోధులని విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో చెప్పాడు. ఈ చిత్రం ముగింపు మాత్రం కరుణతో నిండినది. అంతవరకు నవ్వుతూ వచ్చిన ప్రేక్షకుడు ఆ ముగింపును కృత్రిమమని తోసిపుచ్చకపోవడానికి కారణం విచార్యం.

వైఫల్యం ఈ చిత్రంలో నవ్వుకు మాత్రమే హేతువు కాదు, ప్రతి పాత్ర గతంలోనూ అది గాయంగా ఉంది. ఎడ్గిన్ ధర్మరక్షకుల సంఘానికి చేసిన ప్రమాణాన్ని మీరి, శత్రు మాంత్రికుల సొమ్ము దొంగిలించాడు. దాని ఫలితంగా భార్య జియా వారి చేతిలో మరణించింది. సైమన్ మహామాంత్రికుడి వంశంలో పుట్టినా ఆ పేరు నిలబెట్టలేకపోయాడు. మంత్రశక్తులను ఛేదించే శిరస్త్రాణాన్ని ధరించినప్పుడు అతణ్ణి హేళన చేసి ఓడించే మూర్తి చివరకు అతడి ఆత్మన్యూనతేనని తేలుతుంది. ఆ ఓటమితో బృందం చెదిరిపోబోతున్నప్పుడు ఎడ్గిన్ తన ఓటములను తానే ఏకరువు పెట్టి, ప్రయత్నం మానడమే అసలైన ఓటమి అని నచ్చజెబుతాడు. అంతవరకు ప్రణాళికల భంగాన్ని చూసి నవ్విన ప్రేక్షకుడికి ఆ మాటల్లో అదే వస్తువు దుఃఖంగా కనిపిస్తుంది. విభావం మారలేదు, దృష్టి మారింది.

పతాక సన్నివేశంలో సోఫినా ప్రయోగించిన ఆయుధం వల్ల హోల్గా మరణిస్తుంది. జియాను బలిగొన్నదీ అటువంటి ఆయుధమే. మంత్రఫలకం ఒక్కరినే బతికించగలదు. దేనికోసం ఈ సాహసమంతా జరిగిందో ఆ కోరికను వదులుకుని, తల్లి లేని కీరాను తల్లిగా పెంచిన హోల్గాను ఎడ్గిన్ బతికిస్తాడు. ఇది కథలోని చివరి ప్రణాళికా భంగం. తొలిసారి ఎడ్గిన్ తన ఉపాయాన్ని తానే, తెలిసి, చెడగొట్టుకుంటాడు. పదేపదే ఉపాయం మార్చుకోవడం అలవాటైన మనిషి కాబట్టే అతడు ఈ మార్పు చేయగలిగాడు. అంతకుముందరి హాస్యసన్నివేశాలన్నీ ఈ త్యాగానికి అభ్యాసంగా అమరాయి. విరోధిరసాల మధ్య సంధి ఇలా సాధ్యమైంది.

6. పరిమితులు

ఈ నిర్వహణలో లోపాలు లేకపోలేదు. జియా పాత్రకు సొంత అస్తిత్వం చాలదు. ఆమె ఎడ్గిన్ దుఃఖానికి ఆలంబనంగానే మిగిలిపోవడం వల్ల చివరి త్యాగం బరువు కొంత తగ్గింది. డోరిక్‌కు మానవుల వల్ల కలిగిన తిరస్కారం మాటల్లో సూచితమైందే గాని సన్నివేశంగా వికసించలేదు. ఆమె ఓటమి నవ్వుగానూ మారలేదు, కరుణగానూ పండలేదు. వైఫల్యసూత్రం అందకపోవడం వల్లనే ఆ పాత్ర తక్కిన ముగ్గురికంటే పలచబడింది. సోఫినా పూర్తిగా భయానకానికే పరిమితమై, ఈ కథాలోకపు స్వభావానికి వెలుపల నిలిచింది.

వీటికంటే మౌలికమైన పరిమితి మాధ్యమానిది. ఆటలో ఓడినవాడే నవ్వుతాడు, నటుడూ సామాజికుడూ ఒక్కరే. భరతుడు చెప్పిన ఆత్మస్థ, పరస్థ భేదాలు అక్కడ ఒకే వ్యక్తిలో కలుస్తాయి. చిత్రంలో ప్రేక్షకుడికి ఓడిపోయే హక్కు లేదు. అతడి నవ్వు ఎంత సానుభూతితో కూడినదైనా పరుల ఓటమిని చూసి నవ్విన నవ్వే.

7. ముగింపు

‘ఆనర్ అమాంగ్ థీవ్స్’ చిత్రంలో హాస్యం వీరకథకు అతికించిన ఉపాంగం కాదు. పాచికలోని అనిశ్చితిని ప్రణాళికా భంగంగా మార్చడం, విదూషకధర్మాన్ని బృందమంతటికీ పంచడం, నవ్వుకు హేతువైన వైఫల్యాన్నే కరుణకూ హేతువు చేయడం అనే మూడు పద్ధతుల ద్వారా ఈ చిత్రం హాస్యాన్ని కథకు అంగిగా నిలిపింది. వీరాభాస భావన ఈ పద్ధతులను వివరించడానికి చాలినంత శక్తిమంతంగా ఉంది. నటుడూ సామాజికుడూ ఒక్కరైన క్రీడకు మాత్రం రససిద్ధాంతాన్ని యథాతథంగా అన్వయించలేము, ఆ సిద్ధాంతం వారిద్దరి భేదాన్ని ముందుగా అంగీకరించి బయలుదేరింది కనుక. సహచరుడికి నవ్వును, నాయకుడికి విజయాన్ని పంచి ఇచ్చే విభజనను తెలుగు జానపద కథనాల్లో పునఃపరిశీలించడానికి ఈ చిత్రం ఒక కొలమానాన్ని అందిస్తుంది. అంజి నవ్వించకపోతే తోటరాముడి సాహసం ఎంతవరకు నిలబడేది అన్న ప్రశ్న ఆ పరిశీలనకు ఆరంభం కాగలదు.