బాగుచేసిన ఊరు – బాగుపడని మనిషి: కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథలో గ్రామాభివృద్ధి చిత్రణ

వ్యాససంగ్రహం

తెలుగు కథాసాహిత్యంలో గ్రామాభివృద్ధిని విమర్శనాత్మకంగా పరిశీలించిన కథల్లో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ ముఖ్యమైనది. ఈ కథను అప్పు, దోపిడీ, వర్గసంబంధాల కోణంలో విమర్శకులు విస్తృతంగా చర్చించారు. ఊరికి జరిగిన మేలును కథ ఎలా చెప్పిందన్న అంశానికి అంత ప్రాధాన్యం లభించలేదు. ‘బాగుచేయు, బాగుపడు, బాగుచేసుకొను’ అనే మూడు క్రియారూపాల మధ్య ఉన్న అర్థభేదాన్ని ఆధారంగా తీసుకొని, సుందరపాలెం అభివృద్ధిలో కర్త ఎవరు, ఫలభోక్త ఎవరు అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తులనాత్మకంగా ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవలను గ్రహిస్తుంది.

కీలకపదాలు: యజ్ఞం, కారా, గ్రామాభివృద్ధి, పంచాయతీ, మాలపల్లి, అప్పు, ఆత్మార్థకం.

1. ఉపోద్ఘాతం

‘ఊరు బాగుపడింది’ అన్న వాక్యం తెలుగువారి నిత్యవ్యవహారంలో ఉన్నదే. రోడ్డు పడినా, బడి వెలసినా, దీపాలు వెలిగినా ఈ మాటే అంటాం. ఇందులో ఊరు అనేది వ్యాకరణరీత్యా కర్త. కానీ ఊరు అంటే ఎవరు? ఊరు బాగుపడినప్పుడు ఊళ్ళోవాళ్ళందరూ బాగుపడినట్లేనా? ఈ ప్రశ్నకు గణాంకాలు ఒక రకంగా జవాబు చెబుతాయి, సాహిత్యం మరో రకంగా చెబుతుంది. సగటు లెక్కలో కలిసిపోయే మనిషిని విడదీసి మన ముందు నిలబెట్టడం సాహిత్యం చేసే పని.

కారాగా సుప్రసిద్ధులైన కాళీపట్నం రామారావు (1924–2021) శ్రీకాకుళం జిల్లా మురపాకలో జన్మించారు. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. 1964లో రాసిన ‘యజ్ఞం’ ఆ సంపుటికి పేరునిచ్చిన కథ. అప్పుతీర్పు దీని ఇతివృత్తం. దళిత రైతు అప్పల్రాముడు గోపన్న అనే వ్యాపారికి బాకీపడ్డాడు. ఆ తగవు పంచాయతీ పెద్దల ముందుకు వస్తుంది. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు. తగవు పొడవునా పెద్దల న్యాయాన్ని ప్రశ్నించినవాడు అప్పల్రాముడి కొడుకు సీతారాముడు. భూమి రాసిచ్చి అప్పు తీర్చడానికి తండ్రి తలవంచినప్పుడు, తన బిడ్డ బానిసగా బతకరాదని సీతారాముడు ఆ పసివాణ్ణి తానే చంపి పెద్దల ముందుకు తెస్తాడు.

ఈ ముగింపు తీవ్రత వల్ల విమర్శ దృష్టి సహజంగానే కథ చివరిభాగం మీద కేంద్రీకృతమైంది. అయితే కథకుడు ఈ తగవు చెప్పడానికి ముందు, అభివృద్ధి చెందిన ఒక ఊరిని తీరికగా మన ముందు పరుస్తాడు. అది కేవలం నేపథ్యవర్ణన కాదనీ, చివర వచ్చే హత్యకు అది తొలి వాదమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. కథాకాలం – గ్రామాభివృద్ధి నేపథ్యం

‘యజ్ఞం’ వెలువడిన దశాబ్దం గ్రామం గురించి దేశం ఎక్కువగా మాట్లాడిన కాలం. 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, 55 ప్రాజెక్టులతో సమాజ వికాస పథకం ప్రారంభమైంది. మరుసటి ఏడు జాతీయ విస్తరణ సేవ మొదలైంది. వ్యవసాయం, రోడ్లు, విద్య, ఆరోగ్యం అన్నింటినీ కలిపి గ్రామాన్ని సమగ్రంగా ఉద్ధరించాలన్నది ఆ ఆశయం. అందులో ప్రజల భాగస్వామ్యం తగినంతగా లేదని గుర్తించిన బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో మూడంచెల పంచాయతీరాజ్ వ్యవస్థను సూచించింది. 1959లో రాజస్థాన్ తర్వాత ఆ వ్యవస్థను చేపట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. కథారచన జరిగిన 1964లోనే ఆంధ్రప్రదేశ్ గ్రామపంచాయతీల చట్టం కూడా వచ్చింది.

గ్రామసేవక్, సమితి, బ్లాకు, శ్రమదానం అనే మాటలు పల్లె నిఘంటువులోకి చేరిన రోజులవి. ఆనాటి ప్రచారసాహిత్యానికి గ్రామం ఒక అవిభక్త కుటుంబం. పెద్ద మంచివాడైతే ఇల్లంతా బాగుపడుతుందన్న నమ్మకం దాని పునాది. కారా ఈ నమ్మకాన్ని బయటినుంచి ఎగతాళి చేయలేదు. దానికి పూర్తి అవకాశమిచ్చారు. మంచిపెద్దను పెట్టారు, మేలు జరిగిన ఊరిని పెట్టారు, తగవును ఊరిపెద్దలే తేల్చుకొనే సంప్రదాయాన్నీ పెట్టారు. ఇన్ని సుగుణాలున్న ఊరిలో ఒక తండ్రి తన బిడ్డను ఎందుకు చంపుకోవలసి వచ్చిందన్నదే కథ అడిగిన ప్రశ్న. చెడ్డ ఊరి కథ అయితే ఈ ప్రశ్నకు ఇంత బరువు ఉండేది కాదు.

3. ‘మాలపల్లి’: బాగుచేసుకొనే ఊరు

సుందరపాలేన్ని అర్థం చేసుకోవడానికి అంతకు నాలుగు దశాబ్దాల ముందు తెలుగు నవల కన్న కలను గుర్తుచేసుకోవాలి. జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే ‘మాలపల్లి’ రాశారు. 1922లో వెలువడిన ఈ నవలను వలస ప్రభుత్వం నిషేధించింది. చౌదరయ్య వద్ద పనిచేసే సంగదాసు కూలీలను కూడగడతాడు, చౌదరయ్య చేతిలోనే మరణిస్తాడు. అతని పేరిట వెలసిన సంగపీఠం పల్లెజనం చదువుకూ సంస్కరణకూ కేంద్రమవుతుంది. నవలకు ‘సంగవిజయం’ అన్న మరో పేరుండటం కూడా గమనార్హం.

ఇక్కడ రెండు విషయాలు పరిశీలించాలి. మొదటిది, మేలు మాలపల్లెలో మొదలై ఊరివైపు సాగుతుంది. రెండవది, ఆ మేలుకు పెట్టిన పేరు దాత పేరు కాదు, మరణించిన శ్రామికుడి పేరు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు వంటి పై వర్గంవారు తోడునిలిచినా, నైతిక కర్తృత్వం పల్లెదే. ‘కొను’ ధాతువు అనుప్రయుక్తమైతే క్రియాఫలం కర్తకే చెందుతుంది. దీనినే ఆత్మార్థకం అంటాం. వండడం వేరు, వండుకోవడం వేరు. ఆ అర్థంలో ‘మాలపల్లి’ కన్నది ‘బాగుచేసుకొనే’ ఊరి కల. ఆ కలలో ఆదర్శీకరణ ఉంది, రచయిత గాంధేయ విశ్వాసం ఉంది. అయినా చేసేవాడూ ఫలం పొందేవాడూ ఒకడే కావాలన్న పట్టు అందులో స్పష్టం.

4. సుందరపాలెం: బాగుచేసిన ఊరు

స్వాతంత్ర్యానంతర సుందరపాలెంలో ఈ వ్యాకరణం మారిపోయింది. ఇక్కడ మేలుకు కర్త శ్రీరాములు నాయుడు. రోడ్డు, బడి వంటి సదుపాయాలు ఆయన పలుకుబడితో, పట్టుదలతో సమకూరినవి. ఊరి కృతజ్ఞత ఆయనకు చెందుతుంది. ఊరు కర్తస్థానం నుంచి కర్మస్థానానికి జరిగింది. నాయుడు ఊరిని బాగుచేశాడు.

శ్రీరాములు నాయుణ్ణి కపటిగా చదివే ధోరణి ఒకటుంది. ఆ చదువు కథను తేలిక చేస్తుంది. ఆయన గాంధేయ ఆదర్శాలున్నవాడు, మాట నిలుపుకొనేవాడు, తగవును ఓపికగా వినేవాడు. కథలో ఆయన వ్యక్తిగత లాభం కోసం తీర్పును వంచడు. ఆయనను దుర్మార్గుణ్ణి చేస్తే మంచివాడు వస్తే సమస్య తీరుతుందన్న భ్రమ పాఠకుడిలో మిగిలిపోయేది. కారా ఆ దారిని మూసివేశారు. అలాగే గోపన్నను కూడా రక్తం పీల్చే వడ్డీవ్యాపారిగా మలచలేదు. ఇచ్చిన సొమ్ము అడుగుతున్నవాడతను. వ్యక్తుల దుర్గుణాలను ఒక్కొక్కటిగా తొలగించిన తర్వాత కూడా అన్యాయం మిగిలి ఉంటే, దాని మూలం వ్యక్తుల్లో లేదని తేలుతుంది. కథానిర్మాణంలో ఉన్న తర్కం ఇదే.

రోడ్డు విషయం ఇక్కడ ఆలోచించదగినది. ఊరికి వచ్చిన రోడ్డు రెండు వైపులా నడుస్తుంది. దాని మీద డాక్టరు రావచ్చు, పిల్లలు పై చదువులకు పోవచ్చు. అదే రోడ్డు మీద పట్టణపు సరుకు ఊళ్ళోకి వస్తుంది, ఊరి పంట బయటికి పోతుంది, అక్కరలు పెరుగుతాయి, చేతిలో నగదు లేనివాడికి అప్పు తప్పనిసరి అవుతుంది. తన గతాన్ని తలపోసే అప్పల్రాముడి మాటల్లో వినిపించేది ఈ వైపరీత్యమే. ఒళ్ళు వంచి పనిచేసినవాడు, సోమరితనం ఎరగనివాడు, దుబారా చేయనివాడు ఏటికేడాది కిందికి దిగాడు. ఊరు ఎక్కిన మెట్లూ అతడు దిగిన మెట్లూ ఒకే కాలానివి. కథ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వదిలివేస్తుంది, కార్యకారణాన్ని పాఠకుడే కూడుకోవాలి.

5. మండపం: ఉమ్మడి స్థలం – ఉమ్మడి కాని న్యాయం

తగవు నడిచే మండపం ఊరి ఉమ్మడి స్థలం. గ్రామ సామూహిక జీవితానికి అది చిహ్నం. అక్కడ అప్పల్రాముడికి మాట్లాడే అవకాశం ఉంది. అతడు సుదీర్ఘంగా మాట్లాడతాడు, పెద్దలు వింటారు. కాబట్టి గొంతు నొక్కిన కథ కాదిది. మాట్లాడనిచ్చి కూడా మాటకు విలువ లేకుండా చేసే విధానం ఇందులో కనిపిస్తుంది. మండపానికి తెలిసిన ప్రశ్న ఒక్కటే: అప్పు తీసుకున్నావా, లేదా? అప్పు ఎందుకు చేయవలసివచ్చింది, ఇన్నేళ్ళ కష్టం ఎటుపోయింది అన్న ప్రశ్నలకు ఆ న్యాయంలో చోటు లేదు.

తండ్రీకొడుకుల భేదం ఇక్కడే స్పష్టమవుతుంది. అప్పల్రాముడికి మాట ధర్మం. తిన్న అప్పు తీర్చకపోవడం అతని దృష్టిలో తప్పు. ఆ ధర్మాన్ని అతనికి ఎవరూ బలవంతంగా రుద్దలేదు, అది అతని ఆత్మగౌరవంలో భాగం. కనుకనే అతని ఓటమి లోపలినుంచి జరుగుతుంది. సీతారాముడు ఆ ధర్మాన్నే ప్రశ్నిస్తాడు. భూమి పోతే మిగిలేది ఉత్తరాంధ్ర పలుకుబడిలోని కంబారితనమని అతనికి తెలుసు. పెద్దలు అప్పును గతానికి సంబంధించిన లెక్కగా చూస్తే, అతడు రాబోయే తరాల బతుకుగా చూస్తాడు. మండపం మీద కలుసుకోలేనివి ఈ రెండు కాలాలు.

పాత్రల పేర్లు కూడా పరిశీలించదగినవి. తీర్పరి శ్రీరాములు, ఋణగ్రస్తుడు అప్పల్రాముడు, తిరగబడినవాడు సీతారాముడు. ముగ్గురి పేర్లలోనూ రాముడున్నాడు. ఉత్తరాంధ్రలో ఇవి సహజమైన పేర్లే. అయినా గ్రామాన్ని రామరాజ్యంగా భావించిన గాంధేయ ఆదర్శం నేపథ్యంలో చదివితే, ఒకే రామనామం కింద ముగ్గురు ఎంత భిన్నమైన ధర్మాలను అనుభవిస్తున్నారో స్ఫురిస్తుంది. ధర్మం అనే మాట ముగ్గురిదీ, దాని ఖరీదు చెల్లించేది మాత్రం ఇద్దరు.

6. శీర్షిక ధ్వని

యజ్ఞాన్ని లోకకల్యాణం కోసం చేస్తారంటారు. గ్రామాభివృద్ధినీ ఆనాడు యజ్ఞంతో పోల్చడం పరిపాటి. శీర్షిక ఈ పోలికను స్వీకరించి, దాని లోపలి భాగాన్ని బయటపెడుతుంది. యజ్ఞానికి యజమాని ఉంటాడు, ఋత్విక్కులుంటారు, బలిపశువూ ఉంటుంది. లోకకల్యాణం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా మనం బలిపశువును లెక్కలోకి తీసుకోం.

సంస్కృత వ్యాకరణంలో పరస్మైపద, ఆత్మనేపదాల భేదానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ‘యజతి – యజతే’. ఋత్విక్కు ఇతరుల కోసం యజ్ఞం చేస్తే ‘యజతి’, ఫలం కోరి యజమాని చేస్తే ‘యజతే’. క్రియ ఒకటే, ఫలం చేరే చోటును బట్టి రూపం మారుతుంది. రచయిత దీనిని ఉద్దేశించి శీర్షిక పెట్టారని చెప్పడానికి ఆధారం లేదు. కానీ కథను చదవడానికి ఇది పనికివచ్చే కొలమానం. రెక్కలు అరగదీసి ఈ యజ్ఞానికి సమిధలు చేర్చినవారు అప్పల్రాముడి వంటివారు. ఫలం మరొకచోటికి చేరింది. ‘మాలపల్లి’లో ఒకటిగా ఉండాలని కోరుకున్న కర్తృత్వమూ ఫలభోక్తృత్వమూ ‘యజ్ఞం’ నాటికి విడిపోయాయి. ఈ రెండు రచనల మధ్య ఉన్న నలభై ఏళ్ళ చరిత్రను ఇంతకన్న క్లుప్తంగా చెప్పడం కష్టం.

7. ఆక్షేపణలు – పరిమితులు

ఈ కథ అభివృద్ధినే నిరాకరిస్తున్నదన్న ఆక్షేపణకు అవకాశముంది. బడి వద్దని గాని, రోడ్డు వద్దని గాని కథ ఎక్కడా అనదు. వాటిని చూపించి, ఇక ఏ ప్రశ్నా అడగనక్కరలేదనే తృప్తిని మాత్రమే అది భంగపరుస్తుంది. శిశుహత్యను పరిష్కారంగా చూపిందన్న ఆక్షేపణ కూడా నిలవదు. ఆ చర్య దేనినీ పరిష్కరించదు. తీర్పు పూర్తయిందనుకున్న సభకు ఆ తీర్పులోని అసలు అర్థాన్ని కళ్ళకు కట్టిస్తుంది.

అయితే కథకు పరిమితులు లేకపోలేదు. పేదరికాన్ని ప్రధానంగా ఆర్థికసంబంధాలతో వివరించడం వల్ల, దళితుడు కావడం వల్ల అప్పల్రాముడికి కలిగే ప్రత్యేక అనుభవం తగినంత విస్తరించలేదు. తగవు మగవారి మధ్య నడుస్తుంది. బిడ్డ ప్రాణం మీద తండ్రి తీసుకున్న నిర్ణయంలో తల్లి ఎక్కడుందన్న ప్రశ్న నేటి పాఠకుడిని వెంటాడక మానదు. బానిసత్వాన్ని తిరస్కరించిన సీతారాముడు బిడ్డను తన సొత్తుగానే భావించాడా అన్నది కూడా చర్చించవలసిందే. 1980ల తర్వాత బలపడిన స్త్రీవాద, దళితవాద విమర్శల వెలుగులో ఈ ఖాళీలను చదవడం కథను తగ్గించడం కాదు. కథ లేవదీసిన ‘ఎవరి ఊరు?’ అన్న ప్రశ్నను దానికే వర్తింపజేయడం.

8. ముగింపు

గ్రామీణ జీవిత చిత్రణ మీద మన విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్న పరిశోధనలు తరచుగా పండుగలు, వృత్తులు, కులాలు, విద్య, రవాణా అని శీర్షికలుగా విభజించి కథల్లోని సమాచారాన్ని ఏరి కూర్చుతాయి. ఆ పద్ధతిలో సుందరపాలెం రోడ్డు ‘రవాణా’ కింద, అప్పల్రాముడి బాకీ ‘ఆర్థికస్థితి’ కింద చేరతాయి. రెండింటి మధ్య ఉన్న సంబంధం, అంటే కథ మొత్తం, విభజనలో జారిపోతుంది. ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘యజ్ఞం’లో గ్రామాభివృద్ధి వర్ణన నేపథ్యం కాదు, కథావాదంలో అంతర్భాగం.

2. మంచి నాయకుడినీ సామాన్య ఋణదాతనూ ఎన్నుకోవడం ద్వారా కథ దోషాన్ని వ్యక్తుల నుంచి వ్యవస్థకు మళ్ళించింది.

3. ‘మాలపల్లి’ ఆశించిన ఆత్మార్థక అభివృద్ధి ‘యజ్ఞం’లో దాత చేతిమీదుగా అందే అభివృద్ధిగా మారింది.

4. మాట్లాడే అవకాశం సామూహిక జీవితానికి అవసరమే గాని చాలదు. ఏ ప్రశ్న అడగవచ్చో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే కీలకం.

నేటికీ పల్లెల్లో సిమెంటు రోడ్డు పక్కన దాత పేరో నాయకుడి పేరో చెక్కిన శిలాఫలకం కనిపిస్తుంది. ఆ ఫలకం మీద కర్త పేరు ఉంటుంది. ఫలం ఎవరికి చేరిందో, ఆ రోడ్డు మీదుగా ఊరు విడిచి వెళ్ళినవారెవరో ఉండదు. ఆ రెండో జాబితా రాసే పని సాహిత్యానిది, దానిని చదవగల పద్ధతిని తయారుచేసుకొనే పని విమర్శది.