వేసిన చోట ఉండని గొంగడి

ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. ఆగిన రోడ్డు పని మీదో, కదలని ఫైలు మీదో వార్త రాస్తే పత్రికలు అలవాటుగా పెట్టే శీర్షిక. ఈ వారమూ కనబడింది. వస్తువు ముట్టుకోకుండానే సామెత వాడేస్తున్నారన్నది ఈ కాలమ్ పాత గోడు. గొంగడి ఒకచోట పడి ఉండేది కాదు, మందతో నడిచేది.

పాల్మాకుల, శంషాబాద్ పల్లెల్లో గొర్ల కాపరికి అదే గొడుగు, అదే పరుపు. మూల మడిచి తలకు వేసుకుంటే కొప్పెర, రాత్రి మంద దగ్గర పరుచుకుంటే పక్క. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు వాన చినుకును వెంటనే లోపలికి దిగనివ్వదు. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. నైలాన్ రెయిన్‌కోటుకు ఆ గుణం ఎక్కడిది?

దాని వెనక పనీ చిన్నది కాదు. దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. కురుమ ఆడవాళ్లు నూలు వడుకుతారు. చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టిన పడుగును మగవాళ్లు గుంటమగ్గం మీద నేస్తారు. నల్ల గొర్రె ఉన్ని కాబట్టి రంగు అద్దే పనే లేదు. ప్రజా గాయకుడు గద్దర్ ఆ నల్ల గొంగడి భుజానేసుకుని, కర్ర పట్టుకుని వేదికెక్కితే వెనకాల కూర్చున్నవాళ్లకు కూడా ఆయన ఎవరి పక్షమో తెలిసేది. ఇప్పుడు సభల్లో నాయకులకు గొంగడి కప్పి, చేతికి గొర్రెపిల్లను ఇస్తున్నారు. ఫొటో బాగానే వస్తుంది.

శంషాబాద్ పక్కనే అంతర్జాతీయ విమానాశ్రయం, అక్కడి దుకాణాల్లో పెడితే గొంగడి బతకదా అని ఎవరికైనా తోస్తుంది. మంచి ఆలోచనే. అయితే ఉన్ని ఏది?

2017 జూన్ 20న కొండపాకలో మొదలైన గొర్రెల పంపిణీ పథకం గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. బయటి రాష్ట్రాల నుంచి కొన్న ఆ జీవాల్లో నెల్లూరు రకాలూ ఉన్నాయి. జోడిపి, పల్ల, దోర అనే ఆ రకాలు మాంసానికి పేరుపడ్డవి. వాటి ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. మంద పెరిగినా మగ్గానికి నూలు రాదు.

కాబట్టి విమానాశ్రయంలో దుకాణం సంగతి తర్వాత. మళ్లీ గొర్రెలు పంచితే దక్కనీ పొట్టేలే కావాలని కురుమలు అడిగి తీసుకునే వీలుండాలి. కత్తిరించిన బొచ్చుకు ధర పలకాలి. 2008లో విమానాశ్రయం వచ్చాక ప్లాట్లయిపోతున్న శంషాబాద్ చుట్టుపక్కల, హద్దురాళ్లు పాతని బీడు కొంతయినా మేతకు వదలాలి.